పోర్ట్రెయిట్ లెన్స్ కొనేముందు దాని రంధ్రం ఎంతో లెక్కేయండి

చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొన్నవాళ్లు కొన్నాళ్లకి తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: మనుషుల ఫొటోల కోసం ఒక ప్రైమ్ లెన్స్ తీసుకుందామనుకుంటున్నాను, 45 మి.మీ. సరిపోతుందా, 75 మి.మీ.కి వెళ్లాలా? దానికి వచ్చే జవాబులు చాలావరకు "నా దగ్గర ఇదుంది, చాలా బాగుంది" దగ్గరే ఆగిపోతాయి. ప్రైమ్ అంటే జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంగ్త్ (45 మి.మీ., 75 మి.మీ. లాంటి కొలత, ఇది పెరిగేకొద్దీ దూరంలోది పెద్దగా పడుతుంది) ఉన్న లెన్స్; అంతకుమించిన వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. దీన్ని తేల్చిపారేసే చిన్న భాగహారం ఒకటుంది, నాకు అదంటే ప్రాణం.

ముందు ఒక మూఢనమ్మకం సంగతి చూద్దాం. టెలిఫోటో లెన్స్ (ఫోకల్ లెంగ్త్ ఎక్కువున్నది) ముఖాన్ని చదును చేసి అందంగా చూపిస్తుందనీ వైడ్ లెన్స్ (తక్కువున్నది) ముక్కుని సాగదీస్తుందనీ ఇప్పటికీ క్లాసుల్లో చెబుతున్నారు. లెన్స్‌కి అంత మహిమ లేదు. ముఖంలో ఏది పెద్దగా, ఏది చిన్నగా పడాలో తేల్చేది మీరు నిలబడిన దూరం, అంతే. ముక్కు కొస నుంచి చెవికి సుమారు 12 సెం.మీ. ఉందనుకోండి. ముక్కుకి 30 సెం.మీ. దూరం నుంచి తీస్తే చెవి 42 సెం.మీ. దూరంలో ఉంటుంది, అంటే చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దగా పడుతుంది. 1.5 మీటర్ల నుంచి తీస్తే ఆ తేడా 8 శాతం, 3 మీటర్ల నుంచి 4 శాతం. 2018లో జామా ఫేషియల్ ప్లాస్టిక్ సర్జరీ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 12 అంగుళాల నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, 5 అడుగుల నుంచి తీసిన ఫొటోలో కంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే ఒకే చోట నిలబడి వైడ్‌తో ఒకటి, టెలిఫోటోతో ఒకటి తీసి, వైడ్ ఫొటోని క్రాప్ చేసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, ముఖం ఒకేలా ఉంటుంది. ఫొటోగ్రఫీ నేర్పేవాళ్లు మొదటిరోజే ఈ ప్రయోగం చేయిస్తే ఎన్నో అపోహలు అక్కడే పోతాయి.

మరి టెలిఫోటో ఎందుకు? ముఖం బాగా కనబడే దూరంలో నిలబడినా ఫ్రేమ్ నిండటానికి. ఈ 45, 75 లెన్స్‌లు వాడే చిన్న కెమెరాల్లో ఫొటో పడే చిప్‌ని మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్ అంటారు, దాని పొడవు 17.3 మి.మీ. తల, భుజాలు కలిపి 60 సెం.మీ. ఫ్రేమ్ కావాలంటే 45 మి.మీ. లెన్స్‌తో సుమారు 1.55 మీటర్ల దూరంలో, 75 మి.మీ.తో 2.6 మీటర్ల దూరంలో నిలబడాలి. రెండూ ముఖానికి మంచి దూరాలే. కానీ మనిషిని నిలువునా తీయాలనుకుంటే 2 మీటర్ల ఫ్రేముకి 75 మి.మీ.తో దాదాపు 8.7 మీటర్లు వెనక్కి వెళ్లాలి. ఎంత ఖరీదైన లెన్స్ అయినా గది గోడని వెనక్కి జరపలేదు.

ఇప్పుడు అసలు విషయం, బ్లర్. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో (లెన్స్ పేరులో ఎఫ్ 1.8 లాగా ఉండే అంకె) భాగించండి. 45ని 1.8తో భాగిస్తే 25 మి.మీ. 75ని 1.8తో భాగిస్తే 41.7 మి.మీ. లెన్స్‌ని ముందు నుంచి చూసినప్పుడు లోపల కనిపించే వెలుతురు రంధ్రం వ్యాసం ఇది. మీరు మనిషి కంటి మీద ఫోకస్ చేశారు, వెనక చాలా దూరంలో ఒక దీపం ఉంది. అంత దూరం నుంచి వచ్చే కిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి, వాటిలో రంధ్రంలోకి దూరేవి మాత్రమే ఫొటోలో పడతాయి, అంటే రంధ్రమంత వ్యాసం ఉన్న వెలుతురు గొట్టం ఒకటి మనిషి పక్కనుంచి వచ్చి లెన్స్‌లోకి వెళుతోందన్నమాట. కెమెరా ఫోకస్ మనిషి ఉన్న చోట ఉంది కాబట్టి ఆ గొట్టాన్ని సరిగ్గా అక్కడ కోసినట్టు చూస్తుంది. ఫలితంగా ఫొటోలో ఆ దీపం, మనిషి ముఖం పక్కన 25 మి.మీ. లేదా 41.7 మి.మీ. బిళ్ళని పట్టుకున్నంత సైజులో పడుతుంది. సెన్సర్ ఏదైనా, మనిషికి మీరు ఎంత దూరంలో నిలబడినా ఇంతే! మీ లెన్స్ బ్యాక్‌గ్రౌండ్‌ని ఈ వ్యాసం ఉన్న గుండ్రటి కుంచెతో పెయింట్ చేస్తుందనుకోండి. కుంచె సన్నగా ఉంటే వెనకున్న కొమ్మలు, తీగలు గుర్తుపట్టేలా మిగులుతాయి, లావుగా ఉంటే కలిసిపోతాయి.

సెన్సర్ చిన్నదైతే ఎఫ్ 1.8 నిజంగా ఎఫ్ 1.8 కాదంటూ జరిగే వాదన కూడా ఇక్కడే తేలిపోతుంది. ఫుల్ ఫ్రేములో (మైక్రో ఫోర్ థర్డ్స్‌కి రెట్టింపు పొడవున్న పెద్ద సెన్సర్) అదే దృశ్యకోణం ఇచ్చే 90 మి.మీ. లెన్స్‌ని ఎఫ్ 3.6 దగ్గర పెడితే, 90ని 3.6తో భాగించినా వచ్చేది 25 మి.మీ.యే. అదే కుంచె, అదే బ్లర్. ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుతురుగా పడుతుందన్న) విషయంలో మాత్రం ఎఫ్ 1.8 ఎఫ్ 1.8గానే ఉంటుంది.

అయితే వెనక గోడ దగ్గరగా ఉంటే కుంచె పూర్తి లావులో పడదు. మనిషి నుంచి గోడకి ఉన్న దూరాన్ని, కెమెరా నుంచి గోడకి ఉన్న దూరంతో భాగించి రంధ్రం వ్యాసంతో గుణించాలి. పైన చెప్పిన 60 సెం.మీ. ఫ్రేముకే, గోడ మనిషికి అర మీటరు వెనక ఉంటే 45 మి.మీ. ఎఫ్ 1.8కి 6.1 మి.మీ. కుంచె వస్తుంది, 75 మి.మీ. ఎఫ్ 1.8కి 6.7. తేడా దాదాపు లేదు! గోడ 2 మీటర్లు వెనకైతే 14, 18. బ్యాక్‌గ్రౌండ్ ఎక్కడో దూరాన ఉంటేనే 25, 41.7 అన్న పూర్తి తేడా దొరుకుతుంది. ఇప్పుడు మధ్యలోకి 42.5 మి.మీ. ఎఫ్ 1.2ని తీసుకురండి. రంధ్రం 35.4 మి.మీ., 75 లెన్స్ రంధ్రం కంటే చిన్నదే, కానీ దానితో మీరు 1.47 మీటర్ల దూరంలోనే నిలబడతారు కాబట్టి గోడ అర మీటరు వెనక ఉన్నప్పుడు 9 మి.మీ. కుంచె ఇచ్చి 75ని దాటేస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ సుమారు 5 మీటర్లకన్నా వెనక ఉంటేనే 75ది పైచేయి. అంటే గదుల్లో తీసేవాళ్లకి ఎఫ్ నంబరు తగ్గడం ముఖ్యం, ఆరుబయట తీసేవాళ్లకి రంధ్రం వ్యాసం ముఖ్యం. ఇంత స్పష్టమైన తేడాని లెన్స్ రివ్యూల్లో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

కుంచె ఆకారం కూడా రంధ్రానిదే. అపెర్చర్ తగ్గిస్తే, అంటే రంధ్రాన్ని చిన్నది చేస్తే, దాన్ని మూసే బ్లేడ్ల అంచులు బయటపడి దీపాలు బహుభుజాలవుతాయి. పూర్తిగా తెరిచినా ఫ్రేము మూలల్లో అవి బాదం గింజలా సన్నబడతాయి, ఎందుకంటే మూల నుంచి ఏటవాలుగా చూసినప్పుడు లెన్స్ గొట్టం అంచు రంధ్రాన్ని కొంత కప్పేస్తుంది. అద్దాలతో చేసే మిర్రర్ లెన్స్‌లో రంధ్రం మధ్యలో రెండో అద్దం అడ్డుగా ఉంటుంది కాబట్టి దీపాలు ఉంగరాల్లా పడతాయి.

పెద్ద కుంచె మనిషిని కూడా వదలదు. 1.5 మీటర్ల దూరం నుంచి కంటి మీద ఫోకస్ చేస్తే 10 సెం.మీ. వెనకున్న చెవి మీద రంధ్రంలో పదహారో వంతు బ్లర్ పడుతుంది. 25 మి.మీ.కి ఒకటిన్నర మి.మీ., ఏపీఎస్-సీ (మైక్రో ఫోర్ థర్డ్స్ కంటే పెద్ద, ఫుల్ ఫ్రేము కంటే చిన్న సెన్సర్) కెమెరాల 56 మి.మీ. ఎఫ్ 1.2 లెన్స్‌ల 46.7 మి.మీ. రంధ్రానికి దాదాపు 3 మి.మీ. కన్ను గుర్తుపట్టే ఆటోఫోకస్ ఉంది కాబట్టి మిర్రర్‌లెస్‌లో టెన్షన్ తక్కువే గానీ ఇద్దరు వేర్వేరు దూరాల్లో ఉంటే అపెర్చర్ తగ్గించక తప్పదు.

పెద్ద రంధ్రానికి పెద్ద గాజు కావాలి, ముందు గాజు ఆ వ్యాసం కంటే చిన్నదిగా ఉండటం కుదరదు. ఒలింపస్ 45 మి.మీ. ఎఫ్ 1.8 బరువు 116 గ్రాములు, 75 మి.మీ. ఎఫ్ 1.8 బరువు 305, పానసోనిక్ లైకా 42.5 మి.మీ. ఎఫ్ 1.2 బరువు 425. చిన్న బాడీకి 425 గ్రాములు తగిలిస్తే ముందుకి వాలుతుంది, ఎడమచెయ్యి లెన్స్ కింద ఉండాల్సిందే. నన్నడిగితే గదుల్లో, మొహమాటపడే మనుషుల్ని తీసేవాళ్లకి 45 మి.మీ. ఎఫ్ 1.8 చాలు, డబ్బూ బరువూ రెండూ మిగులుతాయి. బయట, వెనక కనీసం పది మీటర్ల ఖాళీ దొరికే చోట్ల తీసేవాళ్లు 75 తీసుకోవచ్చు. ఎటూ తేల్చుకోలేకపోతే, మీ దగ్గరున్న జూమ్‌ని 45 దగ్గర పెట్టి, ఎక్కువగా తీసే గదిలో మనిషికీ గోడకీ మధ్య ఎంత దూరం దొరుకుతుందో టేపుతో కొలిచి పై లెక్కలో వేసి చూడండి.