కుమ్మరా, తాటిపండా: ఒక పాత తగవు నేపథ్యం

చెన్నై టి.నగర్‌లోని పానగల్ పార్కులో పొద్దున్నే నడిచేవారిలో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. పార్కు పేరు కూడా 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని నడిపిన తెలుగువాడు పానగల్ రాజాదే. అక్కడి ఒక సిమెంటు బెంచీ మీద ఇద్దరు పెద్దమనుషులు కొన్నాళ్ళుగా ఒకే విషయం మీద వాదించుకుంటున్నారు: ప్రాణాన్నీ ఈ జగత్తునూ ఎవరైనా చేశారా, లేక వాటంతట అవే వచ్చాయా? ఒకరు రిటైరైన తెలుగు పండితుడు, ఇంకొకరు రిటైరైన ఇంజనీరు. "కుండ కనిపిస్తోందంటే కుమ్మరి ఉన్నట్టే కదండీ" అని పండితుడుగారి వాదం. "కాకి వాలగానే తాటిపండు రాలితే కాకి తోసిందంటారా మాస్టారూ?" అని ఇంజనీరుగారి జవాబు. పక్క బెంచీ మీద కూర్చుని వినే నాకు నచ్చింది ఏమిటంటే, ఇద్దరూ తెలియకుండానే వెయ్యేళ్ళ నాటి మాటలు మాట్లాడుతున్నారు.

తగవు మొదలైంది వాళ్ళలో ఒకరి మనవరాలి పాఠ్యపుస్తకం దగ్గర. 2023లో పదో తరగతి జాతీయ పాఠ్యపుస్తకం నుంచి జీవపరిణామం భాగం తీసేశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో మాత్రం ఉంచారు. పదితో సైన్సుకు స్వస్తి చెప్పే పిల్లలకు ఆ పాఠం ఇక అందదని 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు పెట్టి లేఖ విడుదల చేశారు. ఆ గొడవ పత్రికల్లో చల్లారినా బెంచీ మీద చల్లారలేదు.

ఈ ప్రశ్న పడమటి నుంచి ఓడెక్కి వచ్చిందని చాలామంది అనుకుంటారు. శ్వేతాశ్వతరోపనిషత్తు మొదట్లోనే జగత్తుకు కారణం ఏమై ఉండవచ్చో ఒక జాబితా ఉంది: కాలం, స్వభావం, నియతి (విధి), యదృచ్ఛ, పంచభూతాలు, పురుషుడు. యదృచ్ఛ అంటే అనుకోకుండా జరగడం, ఇంజనీరుగారి తాటిపండు. స్వభావం అంటే నిప్పు వేడిగా ఉన్నట్టు, నీరు పల్లానికి పారినట్టు వస్తువు తన తీరున తాను నడవడం. అంటే మన పూర్వులు దీన్ని రెండు ముక్కల ప్రశ్నగా పెట్టలేదు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

కుమ్మరి వాదానికి పదును పెట్టినవాళ్ళు నైయాయికులు, అంటే న్యాయదర్శనపు తార్కికులు. భూమి, మొలక వంటివి కార్యాలు, అంటే తయారైనవి, కార్యానికి కర్త ఉండాలి, కుండకు కుమ్మరిలా. పదో శతాబ్దం చివర్లో ఉదయనుడు ఈశ్వరుడి ఉనికిని తర్కంతో నిలబెట్టడానికే ఒక గ్రంథం రాశాడు. అంతకుముందే శంకరులు, జడమైన మూలప్రకృతి నుంచే జగత్తు వచ్చిందనే సాంఖ్యులను ఖండిస్తూ, ఇళ్ళూ మేడలూ మంచాలూ తెలివైన పనివాడు లేకుండా తయారవడం లోకంలో ఎక్కడా చూడలేదే, మరి ప్రధానం అని వాళ్ళు పిలిచే ఆ జడప్రకృతి ఇంత జగత్తును ఎలా కూర్చింది అని అడిగారు.

దీనికి అతి పదునైన ఖండన నాస్తికుల నుంచే వచ్చి ఉంటుందని అనుకుంటాం. వచ్చింది మాత్రం చెన్నైకి కూతవేటు దూరంలోని శ్రీపెరుంబుదూరులో పుట్టిన రామానుజుల నుంచి. శ్రీభాష్యంలో, బ్రహ్మసూత్రాల మూడో సూత్రం దగ్గర, ఆయన ఈ అనుమానాన్ని, అంటే కుండను చూసి కుమ్మరిని ఊహించే తర్కాన్ని, విప్పి ముక్కలు చేశారు. భూమీ సముద్రాలూ కార్యాలే అనుకుందాం. అవన్నీ ఒకేసారి, ఒక్కడే చేశాడనడానికి ఆధారమేది? కుండలను వేర్వేరు కాలాల్లో వేర్వేరు కుమ్మరులు చేస్తారు కదా. పైగా మనం చూసిన కర్తలందరికీ శరీరాలున్నాయి, పరిమితమైన శక్తే ఉంది. ఆ పోలికతోనే పోతే తేలేది సర్వశక్తిమంతుడు కాదు, మన బోటి ఒక పనివాడు. కనుక ఈశ్వరుణ్ణి తెలుసుకునే దారి వేదశాస్త్రమే గానీ అనుమాన తర్కం కాదని ఆయన తేల్చారు. పరమభక్తుడు వేసిన దెబ్బ ఇది. స్కాట్లండ్‌లో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఇంచుమించు ఇవే ప్రశ్నలు, ఓడను కట్టిన వడ్రంగుల పోలికతో అడిగిన పుస్తకం అతడు పోయాక 1779లో అచ్చయింది. నడుమ ఆరువందల ఏళ్ళకు పైనే దూరం. పండితుడుగారికి ఈ మాట చెబితే మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

పడమటి కథ తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. 1802లో ఇంగ్లండు మతాచార్యుడు విలియం పేలీ, దారిలో గడియారం దొరికితే దాన్ని చేసినవాడు ఉన్నాడనుకోమా, మరి కన్ను సంగతేమిటి అన్నాడు. 1859లో డార్విన్ కన్ను ఎలా ఏర్పడగలదో చెప్పాడు: చిన్న చిన్న తేడాలు, వాటిలో పనికొచ్చినవి నిలవడం. తేడా రావడంలో యాదృచ్ఛికత ఉంది, నిలవడంలో లేదు. "అంతా కాకతాళీయమే అంటారు డార్విన్ వాళ్ళు" అనేవారు ఈ రెండో సగాన్ని వదిలేస్తారు.

అయితే డార్విన్ మొదటి జీవి ఎలా వచ్చిందో చెప్పలేదు. 1871లో మిత్రుడు హుకర్‌కు రాసిన ఉత్తరంలో మాత్రం "ఏదో చిన్న వెచ్చని కుంట"లో జరిగి ఉంటే అని ఊహించాడు. దానికి కాస్త ముందే పాశ్చర్ హంసమెడ సీసాలతో, మరిగించిన పులుసులోంచి సూక్ష్మజీవులు వాటంతట అవి పుట్టవని నిరూపించాడు. చాలాకాలం ఆ రెండూ ఒకదానికొకటి అడ్డు తగిలాయి. 1924లో రష్యాలో ఒపారిన్, 1929లో ఇంగ్లండ్‌లో హాల్డేన్ విడివిడిగా ఒక దారి చూపారు: తొలినాటి భూమి వాతావరణంలో ఆక్సిజన్ లేదు, అప్పటి రసాయనం వేరు. సముద్రమంతా వేడి, పలుచని సూప్‌లా ఉండేదని హాల్డేన్ అన్నాడు. మనమైతే చారు అంటాం, మద్రాసులో రసం. ఆ హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

చారు కాచి చూసింది షికాగోలో స్టాన్లీ మిల్లర్. మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి, పిడుగుకు బదులు విద్యుత్ మెరుపులు. ప్రోటీన్లకు ఇటుకల్లాంటివైన గ్లైసిన్, అలనిన్ వంటి అమైనో ఆమ్లాలు వచ్చాయని 1953లో ప్రకటించాడు. మిల్లర్ పోయాక అతడు దాచిన పాత సీసాలను తీసి కొత్త పరికరాలతో పరీక్షిస్తే ఇరవైకి పైగా అమైనో ఆమ్లాలు కనిపించాయి. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలోనూ అమైనో ఆమ్లాలు ఉన్నాయి. ఇటుకలు తేలిగ్గానే దొరుకుతాయని అలా తేలింది. కానీ ఇటుకల గుట్ట ఇల్లు కాదు. తొలినాటి వాతావరణం మిల్లర్ అనుకున్నంత హైడ్రోజన్‌మయం కాదన్న అభ్యంతరమూ తర్వాత గట్టిపడింది.

ఇక్కడ కథ మద్రాసుకు వస్తుంది. ప్రాణం పుట్టుక గురించి లోతుగా ఆలోచించిన బ్రిటిష్ శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్ 1952లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వచ్చాడు. పలుచని చారులో అణువులు ఒకదానికొకటి తగలవు, బంకమట్టి పొరలు వాటిని పట్టి దగ్గరకు చేర్చి ఉంటాయని అతని ప్రతిపాదన. 1996లో జేమ్స్ ఫెరిస్ బృందం మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి మీద సుమారు 50 ముక్కల పొడవున్న, డీఎన్‌ఏకు చుట్టమైన ఆర్‌ఎన్‌ఏ గొలుసులు పెరగడం చూపింది. కుమ్మరి సంగతి ఎలా ఉన్నా, మట్టి మాత్రం పనిలో ఉందన్నమాట!

బెర్నాల్ మద్రాసులో కలిసింది భౌతికశాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్‌ని. చర్మంలోనూ స్నాయువుల్లోనూ ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ నిర్మాణం తేలలేదన్న మాట ఆ సందర్శనలోనే రామచంద్రన్ చెవిన పడింది. అడయారులోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ నుంచి కంగారూ తోక స్నాయువు తెప్పించుకుని, గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో మూడు పేటల జడ నిర్మాణాన్ని ప్రతిపాదించాడు. దాని మీద వచ్చిన విమర్శకు జవాబు వెతుకుతూ, 1963లో రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి ఒక పటం గీశాడు. ప్రపంచమంతా దాన్ని రామచంద్రన్ పటం అంటుంది. ప్రోటీన్ గొలుసులో ప్రతి కణుపు దగ్గరా రెండు కోణాలు తిరుగుతాయి. కాగితం మీద అవి ఏ విలువైనా తీసుకోవచ్చు. నిజానికి పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి కాబట్టి పటంలో ఎక్కువ భాగం నిషిద్ధం. మిగిలిన చిన్న చిన్న దీవుల్లోనే ప్రకృతి కాపురం.

ఈ పటం ఎవరూ గీసిపెట్టిన నమూనా కాదు, గుడ్డి పాచికా కాదు. పరమాణువుల పరిమాణం వల్ల వచ్చిన నిర్బంధం, ఉపనిషత్తు జాబితాలోని స్వభావం. బెంచీ మీద ఇద్దరూ మరచిన మూడో అభ్యర్థి ఇదేనని నా అభిప్రాయం.

ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయల్ ఈ అభ్యర్థిని పట్టించుకోలేదు. జీవకణం దానంతట అది కుదరడం, పాత సామాన్ల దొడ్డిలో సుడిగాలి వీచి బోయింగ్ 747 తయారవడం లాంటిదన్నాడు. దీనికి మన పేరు ఘుణాక్షర న్యాయం: పురుగు కొయ్యను తొలిస్తే అక్షరం పడింది, పురుగుకు చదువు రాదు. హాయల్ లెక్క కాగితం మీద సరైనదే. ఇరవై రకాల అమైనో ఆమ్లాలతో వంద కణుపుల గొలుసును కట్టే తీరులు, ఒకటి పక్కన 130 సున్నాలంత. కానీ ఆ లెక్క ఒక్క దెబ్బలో, ఒకే ఒక గొలుసు కావాలని అనుకుంటుంది. చిన్న గొలుసు కొంచెం పనిచేసి, తనను తాను నకలు చేసుకుని, కాస్త మెరుగైనది నిలిస్తే లెక్క తలకిందులవుతుంది. రామచంద్రన్ పటం దీనికి నేరుగా జవాబు కాదని ఒప్పుకోవాలి. అది మడతల గురించి, హాయల్ లెక్క వరుస గురించి. జవాబుకు దగ్గరగా వచ్చింది ఆర్‌ఎన్‌ఏ. అది సమాచారాన్ని మోయడమే కాదు, రసాయన చర్యలనూ నడపగలదని 1980లలో తేలింది. కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్ నిర్మాణాలు బయటపడ్డాక ప్రోటీన్‌ను ముడివేసే చోట ఉన్నది ఆర్‌ఎన్‌ఏయే అని తెలిసింది. ఆ నిర్మాణాల పనికి 2009లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ ఒకరు.

హాయల్ మాత్రం ప్రాణం అంతరిక్షం నుంచి రాలిందన్నాడు. అతని శిష్యుడు జయంత్ నార్లికర్ దాన్ని పరీక్షకు పెట్టాడు. హైదరాబాదు నుంచి 2001, 2005లలో బెలూన్లు ఎగిరాయి. రెండోసారి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు గాలిలో దొరికిన వాటిలో మూడు కొత్త బాక్టీరియా జాతులున్నాయి. ఒకదానికి హాయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు. అవి ఆకాశం నుంచే వచ్చాయని ఇది తేల్చలేదని ఇస్రోయే చెప్పింది. నిజంగా వచ్చినా, ప్రశ్న ఇంకో ఊరికి బదిలీ అవుతుంది తప్ప తీరదు.

హాయల్ మరో పని మరింత బరువైనది. నక్షత్రాల్లో మూడు హీలియం కేంద్రకాలు కలిసి కార్బన్ కావాలంటే కార్బన్ కేంద్రకానికి ఒక ప్రత్యేక శక్తిస్థాయి ఉండాలని 1953లో లెక్కకట్టి, అమెరికాలో ప్రయోగశాల వాళ్ళను వెతకమన్నాడు. 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర దొరికింది. అప్పటికి అది నక్షత్రాల లెక్కే. కార్బన్ లేనిదే మనలాంటి ప్రాణం లేదు కాబట్టి దాన్ని ప్రాణంతో ముడిపెట్టడం తర్వాతి మాట. 1981 నాటికి హాయల్, భౌతికశాస్త్రంతో ఏదో మహామేధ ఆటలాడినట్టుందని రాశాడు. దేవుణ్ణి నమ్మనన్న మనిషి ఆ మాట అనడంతో కుమ్మరి పక్షం వాళ్ళకు పండుగైంది.

1973లో కోపర్నికస్ 500వ జయంతికి క్రాకోలో జరిగిన సభలో భౌతికశాస్త్రవేత్త బ్రాండన్ కార్టర్ వేరే మాట చెప్పాడు: మనం చూసే విశ్వం మనల్ని ఉండనిచ్చేదే అయి తీరాలి. సెంట్రల్ స్టేషన్లో రైలెక్కి, గూడూరు దాటాక పెట్టెలో ఉన్నవారిని "రైలు అందిందా?" అని అడగండి. అందరూ అందిందంటారు. తప్పిపోయినవాళ్ళు ఆ పెట్టెలో లేరు. 1987లో భౌతికశాస్త్రవేత్త స్టీవెన్ వైన్‌బర్గ్ ఈ తర్కంతోనే, శూన్యంలో దాగిన శక్తి చాలా స్వల్పంగా ఉండాలని, కానీ సున్నా కానక్కర్లేదని అంచనా కట్టాడు. 1998లో విశ్వవ్యాకోచం వేగం పుంజుకుంటోందని తేలినప్పుడు ఆ అంచనా విలువ పెరిగింది. కానీ రైలు తర్కం నిలవాలంటే తప్పిపోయినవాళ్ళు ఉండాలి, అంటే ప్రాణం లేని విశ్వాలు లెక్కలేనన్ని ఉండాలి. వాటిని చూసినవారెవరూ లేరు. అందుకే ఈ చోట కుమ్మరి పక్షాన్ని నేను ఎగతాళి చేయను. ప్రాణం పుట్టుకలో వాళ్ళ నేల ఏటేటా తరిగిపోతోంది. నియమాలు అసలు ఇలాగే ఎందుకున్నాయన్న చోట మాత్రం ఎవరి కాలికిందా గట్టి నేల లేదు. స్వభావం అనే మాట కూడా ఇక్కడ పేరే తప్ప జవాబు కాదు.

రామచంద్రన్ 1970 ప్రాంతాల్లో మద్రాసు వదిలి బెంగళూరు వెళ్ళి, భారతీయ విజ్ఞాన సంస్థలో అణు జీవభౌతిక విభాగాన్ని నెలకొల్పాడు. ఆ తర్వాత పటాలు పక్కనపెట్టి తర్కశాస్త్రంలో పడ్డాడు. ప్రతి మాటా ఒక కోణంలోనే నిజమనే జైనుల స్యాద్వాదాన్ని, ఒకట్లూ సున్నాలతో నడిచే బూలియన్ గణితంలోకి తెచ్చి 1980లలో ఒక పద్ధతి తయారుచేశాడు. అందులో ఒక మాటకు నాలుగు స్థితులు. నిజమైతే (1,0). అబద్ధమైతే (0,1). ఏదైనా కావచ్చు, ఇంకా తేలలేదు అంటే (1,1). పొసగనే పొసగదంటే (0,0). ఈ మధ్య ఒక పొద్దున నేను ఈ నాలుగింటినీ కాగితం మీద రాసి బెంచీ మీద పెట్టాను. ఇంజనీరుగారు మూడోదాని చుట్టూ సున్నా చుట్టారు. పండితుడుగారు కళ్ళజోడు సర్దుకుని, అందులో రెండు ఒకట్లూ ఎవరు వేశారని అడిగారు.