వాడుకలో లార్డ్, చట్టంలో మిస్టర్

2025 అక్టోబరు 17న రాజు మూడో చార్లెస్ తమ్ముడు ఆండ్రూ, ‘డ్యూక్ ఆఫ్ యార్క్’ అనే బిరుదును ఇకపై వాడనని ప్రకటించారు. అమెరికా లైంగిక నేరస్థుడు జెఫ్రీ ఎప్‌స్టీన్‌తో ఆయన స్నేహం మీద ఏళ్ల తరబడి రేగుతున్న దుమారం దానితో ఆగలేదు. అదే నెల 30న బకింగ్‌హామ్ ప్యాలెస్ మరో ప్రకటన చేసింది. ఇక ఆయన ప్రిన్స్ కాదు, పేరు ఆండ్రూ మౌంట్‌బాటెన్ విండ్సర్ అంతే. ‘ప్రిన్స్’ హోదా రాజు చేతిలోదే కాబట్టి ఆయన ఉత్తర్వుతోనే పోయింది. 1986లో పెళ్లి రోజున తల్లి ఇచ్చిన డ్యూక్ పదవి దగ్గర మాత్రం చిక్కొచ్చింది. ‘రోల్ ఆఫ్ ద పీరేజ్’, అంటే పీర్ల (బిరుదున్న ప్రభువుల) అధికారిక జాబితాలోంచి రాజు ఆయన పేరు తీయించారు. ఆ జాబితాలో పేరు లేనివారిని ప్రభుత్వ పత్రాల్లో ఆ బిరుదుతో పిలవరు. పదవిని పూర్తిగా రద్దు చేయాలంటే మాత్రం పార్లమెంటు చట్టం చేయాల్సిందే.

అంటే బిరుదు ఉండటం వేరు, వాడటం వేరు. బ్రిటన్ బిరుదుల గందరగోళమంతా ఈ తేడాలోనే ఉంది.

ఇచ్చిన రాజే ఎందుకు వెనక్కి తీసుకోలేడు? వారసత్వ బిరుదు అక్కడ దాదాపు ఆస్తిలాంటిది. రాజముద్ర వేసిన పత్రంలో ఎవరికి ఇస్తున్నదీ, వారి తర్వాత ఎవరికి దక్కేదీ రాసి ఉంటుంది. ఎక్కువగా కొడుకులకీ, వారి కొడుకులకే. అందుకే చాలా బిరుదులు మగ సంతానం లేక అంతరించిపోయాయి. మన చివరి వైస్రాయ్ మౌంట్‌బాటెన్‌కి ఇద్దరూ ఆడపిల్లలే. ఆయన పత్రంలో కూతుళ్లకూ దక్కేలా ప్రత్యేకంగా రాయించారు కాబట్టి, 1979లో ఆయన హత్య తర్వాత పెద్ద కూతురు పట్రీషియా కౌంటెస్ అయ్యారు. ఒకసారి రాసిచ్చాక రాజు కూడా మాట తప్పడానికి లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రుపక్షం చేరిన పీర్ల బిరుదులు లాక్కోవడానికి 1917లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. దాని కింద 1919లో ముగ్గురు పీర్లు బిరుదులు పోగొట్టుకున్నారు. వారిలో ఒకరు విక్టోరియా రాణి సొంత మనవడు.

మొదట్లో ఇవి ఉత్త పేర్లు కావు, ఉద్యోగాలు. ఫ్రాన్సు నుంచి నార్మన్లు దండెత్తి రాకముందే ఎర్ల్ అంటే ఒక ప్రాంతాన్ని రాజు తరఫున ఏలేవాడు. మార్క్వెస్ సరిహద్దు కాపలాదారు. వైకౌంట్ అంటే కౌంట్‌కి (ఎర్ల్‌కి యూరప్‌లో పేరు) సహాయకుడు. డ్యూక్ హోదా ఇంగ్లండుకు ఆలస్యంగా, 1337లో వచ్చింది. మూడో ఎడ్వర్డ్ తన పెద్ద కొడుకును డ్యూక్ ఆఫ్ కార్న్‌వాల్ చేశాడు. అన్నిటికన్నా కింద బారన్. కాలక్రమంలో ఏలుబడి పోయి పేరు మిగిలింది, పేరుతోపాటు పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభలో కుర్చీ మిగిలింది.

ఈ అయిదు మెట్లలో డ్యూక్‌ని మాత్రం డ్యూక్ అనే పిలుస్తారు. మిగతా నలుగురూ మాటల్లో లార్డులే. అక్కడితో ఆగినా బాగుండేది. డ్యూక్, మార్క్వెస్‌ల చిన్న కొడుకులను కూడా మర్యాదకు లార్డ్ అంటారు, కాకపోతే సొంత పేరు ముందు పెట్టి. మన చరిత్ర పుస్తకాల్లో లార్డ్ వెల్లస్లీ, లార్డ్ విలియం బెంటింక్ ఒకే వరసలో కనిపిస్తారు. కానీ బెంటింక్ ఏనాడూ పీర్ కాదు. డ్యూక్ ఆఫ్ పోర్ట్‌లాండ్ చిన్న కొడుకు కాబట్టి ఆ ‘లార్డ్’. 1803లో మద్రాసు గవర్నరుగా వచ్చి, 1806 వెల్లూరు తిరుగుబాటు దెబ్బకు ఆ పదవి పోగొట్టుకుని, తర్వాత గవర్నర్ జనరల్ దాకా ఎదిగిన ఈ పెద్దమనిషి చివరికి గ్లాస్గో నుంచి కామన్స్ (ఎన్నికైనవారి దిగువ సభ) సభ్యుడు. చట్టం దృష్టిలో సామాన్యుడు. ఆయన్ని ‘లార్డ్ బెంటింక్’ అనడం అక్కడి లెక్కలో తప్పు, ‘లార్డ్ విలియం’ అనాలి. డయానా కూడా అంతే. 1975లో తండ్రి ఎర్ల్ కాగానే ఆమె ‘లేడీ డయానా’ అయ్యారు. ‘సర్’ కూడా ఇంటిపేరుకు తగలదు: సర్ ఆర్థర్ అనాలి, సర్ కాటన్ అనకూడదు. కాటన్ దొర అన్న గోదావరి జిల్లాలవాళ్లకి ఈ తలనొప్పి లేకపోయింది.

వెల్లస్లీ కథ ఇంకో రకం. నిజాం నుంచి దత్త మండలాలను, అంటే నేటి రాయలసీమలో చాలా భాగాన్ని, 1800లో కంపెనీకి రాబట్టిన గవర్నర్ జనరల్ ఆయనే. అంతకు ముందు ఏడు టిప్పు సుల్తాను పతనానికి బహుమతిగా మార్క్వెస్ పదవి వచ్చింది. అయితే అది ఐర్లండు పీరేజ్‌లో. లండన్ ప్రభువుల సభలో కుర్చీ ఇవ్వనక్కర్లేని చవక బహుమతి. ఆయన మండిపడి, నాకు రెండు పూతల గిల్టు బంగాళదుంప ఇచ్చారన్నాడు. అదే చవక బిరుదును కర్జన్ మాత్రం కావాలనే తీసుకున్నాడు. 1898లో వైస్రాయ్‌గా వచ్చేముందు ఐర్లండు బారన్ అయితే, తిరిగొచ్చాక కామన్స్‌లో కూర్చోవచ్చన్నది ఆయన ఎత్తుగడ.

ఈ వరసలోకి 1919లో ఒక భారతీయుడు చేరారు. బెంగాల్‌కు చెందిన న్యాయవాది సత్యేంద్ర ప్రసన్న సిన్హా, బారన్ సిన్హా ఆఫ్ రాయ్‌పూర్. 1928లో ఆయన పోయాక కొడుకు అరుణ్‌కు బిరుదు వెంటనే దక్కలేదు. హిందూ వివాహం బహుభార్యత్వానికి వీలిచ్చేది కదా, మరి ఆ పెళ్లిలో పుట్టినవాడు ఇంగ్లిష్ బిరుదుకు వారసుడా అన్న ప్రశ్న 1939 దాకా తేలలేదు. చివరికి ఆయన హక్కును ఒప్పుకున్నారు. సామ్రాజ్యం బిరుదు పంచినంత తేలిగ్గా హక్కును పంచలేదు.

బిరుదు వద్దన్నా వదలని రోజులూ ఉన్నాయి. 1960లో తండ్రి చనిపోగానే లేబర్ ఎంపీ టోనీ బెన్ తన ప్రమేయం లేకుండానే వైకౌంట్ స్టాన్స్‌గేట్ అయిపోయారు. ప్రభువుల సభలో చోటున్నవారికి కామన్స్‌లో చోటు లేదు కాబట్టి, ఎంపీ సీటు పోయింది. ఉప ఎన్నికలో జనం మళ్లీ గెలిపించినా చెల్లదన్నారు. 1963 జులై 31న, బిరుదు వదులుకోవడానికి వీలిచ్చే చట్టం అమల్లోకి వచ్చిన నిమిషాల్లోనే ఆయన సంతకం పెట్టేశారు. ఆ చట్టంతో అందరికన్నా పెద్ద లాభం పొందింది మాత్రం కన్జర్వేటివ్ నాయకుడు. పద్నాలుగో ఎర్ల్ ఆఫ్ హోమ్ అదే అక్టోబరులో బిరుదు వదులుకుని ప్రధానిగా కామన్స్‌లోకి వచ్చారు.

ఈ రోజుల్లో వార్తల్లో కనిపించే లార్డుల్లో ఎక్కువమంది 1958 చట్టం తెచ్చిన జీవితకాలపు బారన్లు. 2023లో విదేశాంగ మంత్రి పదవి కోసం లార్డ్ కామెరాన్ అయిన మాజీ ప్రధాని అలాంటివారే. పిల్లలకు ఆ బిరుదు రాదు. వారసత్వ పీర్లలో 92 మందిని మాత్రం ఉంచి మిగతావారిని 1999లో సభ నుంచి పంపించేశారు. 2024 దాకా ఆ 92లో ఖాళీ వస్తే, ఉప ఎన్నిక జరిగేది!

2016లో లిబరల్ డెమొక్రాట్ల వాటాలో ఒక సీటు ఖాళీ అయింది. అభ్యర్థులు ఏడుగురు, ఓటర్లు (సభలో మిగిలిన ఆ పార్టీ వారసత్వ పీర్లు) ముగ్గురు. మూడు ఓట్లూ వైకౌంట్ థర్సోకే పడ్డాయి. 1999లో ప్రభువుల సభ నుంచి వెళ్లిపోయి, 2001లో వైకౌంట్‌గా ఉంటూనే కామన్స్‌కు గెలిచి, 2015లో ఓడిన మనిషి ఆయన. జనం ఓటేయకపోయినా తాతగారి బిరుదు మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది. ఈ తంతుకు ముగింపు పలకడానికే లేబర్ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో బిల్లు తెచ్చింది. అది తీసేది సభలో కుర్చీని, బిరుదును కాదు. ఎర్ల్ ఎర్ల్‌గానే ఉంటాడు, కొడుక్కి ఇచ్చిపోతాడు, ఎంపీగా నిలబడాలనుకుంటే మాత్రం అందరిలాగే ఇంటింటికీ తిరగాలి.