ముహూర్తం చేజారింది, జోస్యం మిగిలింది

క్రోధి నామ సంవత్సర ఉగాది 2024 ఏప్రిల్ 9న, మంగళవారం వచ్చింది. నెల్లూరు, ఒంగోలు లోక్‌సభ స్థానాలకు పోలింగు ఇంకా 34 రోజులుంది. ఉగాది ఏ వారమైతే ఆ వారాధిపతే ఏటికి రాజు కాబట్టి కుజుడు రాజయ్యాడు. సూర్యుడు మేషరాశిలోకి వచ్చే మేష సంక్రమణం శనివారం పడటంతో మంత్రి పదవి శనికి దక్కింది. వీళ్లిద్దరికీ పడదని పంచాంగం వినే అలవాటున్న ప్రతివాళ్లకీ తెలుసు. గుడి మండపంలో అయ్యవారు అగ్నిభయం, పాలకుల మధ్య తగవులు, ధరల పెరుగుదల అని చదివి ఊరుకుంటారు. పార్టీ ఆఫీసులో పెట్టించే పంచాంగ శ్రవణంలో మాత్రం అదే కుజుడు, అదే శని కలిసి తమ నాయకుణ్ణి గద్దెనెక్కిస్తారు. రెండు వీధుల అవతల, ఇంకో పార్టీ ఆఫీసులో, వాళ్ల నాయకుణ్ణి. పిలిచి పీట వేసి శాలువా కప్పిన చోట ఓటమి చదివే సిద్ధాంతి ఉండడు. ఉండాలని ఆశించడం కూడా న్యాయం కాదు.

ఉగాది ఇలా ఎన్నికల నడుమ పడటం మొదటినుంచీ ఉన్నది కాదు. మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరులో మొదలై 1952 ఫిబ్రవరికి ముగిశాయి. ఆ తర్వాత చాలాకాలం ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఓట్లు పడ్డాయి. 1980లో జనవరి, 1984లో డిసెంబరు, 1989లో నవంబరు, 1999లో సెప్టెంబరు, అక్టోబరు. మధ్యలో 1991, 1996 ఎండాకాలానికి వచ్చినా అది వాడుకగా నిలవలేదు. మలుపు 2004. వాజపేయి ప్రభుత్వం ఆ ఏడాది ఫిబ్రవరి 6న లోక్‌సభను రద్దు చేయించి, ఇంకా చాలా నెలల తర్వాత రావలసిన ఎన్నికలను ముందుకు లాగింది. ఇక్కడ చంద్రబాబు నాయుడు అలిపిరి దాడి జరిగిన కొద్ది వారాలకే, 2003 నవంబరులో, అసెంబ్లీని రద్దు చేసుకున్నా ఎన్నికలు ఏప్రిల్‌కు గానీ రాలేదు. ఆ తర్వాత ప్రతి లోక్‌సభా అయిదేళ్లూ నడిచింది. దాంతో 2009, 2014, 2019, 2024 అన్నీ ఎండాకాలానికే వచ్చాయి, ప్రతిసారీ ప్రచారం వేడి మీద ఉండగానే ఉగాది వచ్చింది. 2019లో మరీ దగ్గర: వికారి ఉగాది ఏప్రిల్ 6న, మన పోలింగు 11న. ముందుగా ఎన్నికలు తెచ్చుకున్న ఆ ఇద్దరు నాయకులూ 2004లో ఓడిపోయారు. పంచాంగకర్తలకు మాత్రం వాళ్లు తెలియకుండానే పెద్ద మేలు చేసి వెళ్లారు.

అంతకుముందు పంచాంగం వినేవాళ్లు అడిగే ప్రశ్నలు వేరు. ఆ ఏటికి గ్రహాలకు దక్కే తొమ్మిది పదవుల, అంటే నవనాయకుల, పేర్లు చూస్తేనే తెలుస్తుంది: రాజు, మంత్రి, సేనాధిపతి అయ్యాక వచ్చేవి సస్యం, ధాన్యం, అర్ఘం, మేఘం, రసం, నీరసం. పంట, వాన, సరుకుల ధర. కనిగిరి, పొదిలి వైపు పడమటి ఊళ్లలో ఉగాది సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చున్న రైతుకు కావలసింది ఎన్ని కుంచాల వాన, అందులో సముద్రానికి ఎన్ని భాగాలు, కొండలకు ఎన్ని, నేలకు ఎన్ని అన్నది. ఢిల్లీలో ఎవరు కూర్చుంటారన్నది కాదు. రాశుల వారీగా చెప్పే ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు కూడా ఆ రాశిలో పుట్టినవాళ్లందరికీ ఒకటే. సింహరాశి అభ్యర్థికి రాజపూజ్యం ఎంతో, అతని డ్రైవరుది సింహరాశే అయితే డ్రైవరుకూ అంతే.

రాజుకు జ్యోతిష్కుడు కావాలన్న మాట ఎప్పటిదో. జ్యోతిష్కుడు లేని రాజు దారిలో గుడ్డివాడిలా తిరుగాడతాడని వరాహమిహిరుడు బృహత్సంహితలో రాశాడు. ఆయనకంటే ముందే కౌటిల్యుడు దీనికి విరుగుడు చెప్పి పెట్టాడు: నక్షత్రాలను అతిగా అడిగే అమాయకుణ్ణి అర్థం, అంటే సంపద, దాటిపోతుందని, అర్థానికి అర్థమే నక్షత్రమని. మన పక్కనే వెంకటగిరిలాంటి సంస్థానాల దాకా పండితులను పోషించే ఆ ఆచారం నడిచింది. ఆ రోజుల్లో జ్యోతిష్కుడి అసలు పని ఏం జరుగుతుందో చెప్పడం కంటే ఎప్పుడు చెయ్యాలో చెప్పడం. దండు ఎప్పుడు కదలాలి, పట్టాభిషేకం ఏ ఘడియలో జరగాలి అన్నది అతని చేతిలో ఉండేది, ఎందుకంటే కాలం రాజు చేతిలో ఉండేది. ఎన్నికల్లో అలా కాదు. పోలింగు తేదీ, లెక్కింపు తేదీ ఎన్నికల సంఘం ప్రకటిస్తుంది, అవి పోటీలో ఉన్న అందరికీ ఒకటే. ముహూర్తం పెట్టే పని చేజారిపోయిన కొద్దీ ఫలితం చెప్పే పని పెరిగిందని నా అభిప్రాయం.

ముహూర్తానికి ఇంకా కాస్త జాగా మిగిలింది నామినేషను దగ్గరే. అదీ ఎంతో చూడండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 33వ సెక్షను ప్రకారం పత్రాలు తీసుకునేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకే. 2024లో మనకు నామినేషన్లు ఏప్రిల్ 18 గురువారం నుంచి 25 గురువారం వరకు. ఆదివారం తీసేస్తే ఏడు రోజులు, మొత్తం 28 గంటలు. అందులోంచి రాహుకాలం తియ్యాలి. బుధవారం 12 నుంచి ఒంటిగంటన్నర, గురువారం ఒంటిగంటన్నర నుంచి 3, శుక్రవారం 12 దాకా పనికిరాదు. సోమవారం రాహుకాలం పొద్దున్నే పోతుంది గానీ యమగండం 12 దాకా ఉంటుంది. శనివారం యమగండం ఒంటిగంటన్నరకు మొదలవుతుంది. ఈ రెండూ తగలకుండా 11 నుంచి 3 దాకా శుభ్రంగా ఉండేది మంగళవారం ఒక్కటే. కానీ అది మంగళవారం! ఇక దుర్ముహూర్తం, వర్జ్యం తీసేసి, అభ్యర్థి జన్మ నక్షత్రానికి తారాబలం, చంద్రబలం చూస్తే మిగిలేవి కొన్ని నిమిషాలే. ఆ నిమిషాలు కూడా ప్రత్యర్థికి పనికొచ్చేవే. అందుకే దశమి గురువారం కలిసొచ్చిన మొదటి రోజులాంటిది దొరికితే నెల్లూరు కలెక్టరేటు దగ్గరా, ఒంగోలు ప్రకాశం భవన్ దగ్గరా అన్ని జెండాలూ ఒకేసారి కనబడతాయి.

చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. ఒక్కొక్కరు నాలుగు సెట్ల దాకా వెయ్యవచ్చు, అభ్యర్థి బదులు ప్రతిపాదకుడు కూడా ఇవ్వవచ్చు. కాబట్టి సిద్ధాంతి చెప్పిన నిమిషానికి ఇద్దరు మనుషులు వెళ్లి చడీచప్పుడు లేకుండా ఒక సెట్టు ఇచ్చేసి వస్తారు. డప్పులు, ట్రాక్టర్లు, పూలదండలతో ఊరేగింపు మరో రోజు, మరో సెట్టుతో. టీవీలో మనం చూసేది ఆ రెండోది.

శాస్త్రాన్ని గట్టిగా పట్టుకుంటే చిక్కులొస్తాయని రాజకీయమే చాలాసార్లు చూపించింది. ధనుర్మాసంలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు పెట్టుకోరు. ఎన్టీ రామారావు పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకు, 1983 జనవరి 5న జరిగిన ఎన్నికల్లో గెలిచి, సంక్రాంతి రాకముందే జనవరి 9న ప్రమాణం చేశారు. ఇందిరా గాంధీ 1980లో తిరిగి వచ్చిందీ, 1984లో రాజీవ్ గాంధీకి 400 దాటిందీ ధనుర్మాసపు ఓట్లతోనే. 2024లో అయితే ఏప్రిల్ నెలాఖరుకే శుక్రుడు సూర్యకాంతిలో కనబడకుండా పోయే శుక్ర మూఢం వచ్చింది, పెళ్లి మండపాలు ఖాళీ. జూన్ 4న శుక్రుడు సరిగ్గా సూర్యుడి వెనక్కి చేరాడు. ఓట్లు లెక్కపెట్టిందీ ఆ రోజే. చంద్రబాబు జూన్ 12న ప్రమాణ స్వీకారం చేసేనాటికి మూఢం ఇంకా వదల్లేదు. పెళ్లికి ఆగవచ్చు, పదవికి ఆగలేరు.

జోస్యాల సంగతికి వస్తే, అందరికంటే ఎక్కువసార్లు సాక్ష్యానికి పిలిచేది పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామిని. కందిమల్లాయపల్లె కడప జిల్లాదే అయినా కొండ ఇవతల ప్రకాశం, నెల్లూరు పల్లెల్లో ఆయన తత్వాలు తెలియని ఊరుండదు. ఒక అంబ పదహారేళ్లు ఏలుతుందని కాలజ్ఞానంలో ఉందనీ, అది ఇందిరేననీ పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 1966 నుంచి 77, 1980 నుంచి 84 కలిపితే పదహారు దగ్గరికి వస్తుంది, నిజమే. అయితే ఆ కూడిక 1984 తర్వాత గానీ కుదరదు. 1977లో ఇందిర రాయబరేలీలో ఓడిపోయారు, ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే ఇచ్చింది. నాయకురాలిది ఒకటే జాతకం, ఒకటే దశ. ఎమర్జెన్సీ అక్కడా ఇక్కడా జనాన్ని తాకిన తీరు వేరు గనుక తీర్పులు వేరయ్యాయి. అది జాతకచక్రంలో ఏ గదిలో కనిపిస్తుందో చెప్పగలిగినవాళ్లు నాకు తారసపడలేదు.

2004లో జోస్యాలూ సర్వేలూ చాలావరకు ఒకే మాట మీద ఉన్నాయి: వాజపేయి మళ్లీ వస్తారని. జ్యోతిషానికి ఆ వేసవిలో ఒక గెలుపు కూడా దొరికింది. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు పెట్టాలన్న యూజీసీ నిర్ణయాన్ని సవాలు చేస్తూ హైదరాబాదు శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ తదితరులు వేసిన కేసును సుప్రీంకోర్టు మే 5న కొట్టేసింది. దేశంలో ఆ రోజు ఒక విడత పోలింగు జరుగుతోంది. మే 13న ఓట్లు లెక్కపెడితే లోక్‌సభలో కాంగ్రెస్ 145, బీజేపీ 138. అంతకు రెండు రోజుల ముందే, మే 11న, తెలుగుదేశం ఇక్కడి అసెంబ్లీలో 47కి పడిపోయింది.

నెల్లూరులో జోస్యం చెప్పడం ఇంకా కష్టం. ఉమ్మడి జిల్లాలో పది అసెంబ్లీ స్థానాలూ 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌వి. 2024లో పదికి పదీ తెలుగుదేశానివి. పైగా ఇక్కడ నాయకులు పార్టీలు మారుతుంటారు. ఒంగోలులో మాగుంట శ్రీనివాసులు రెడ్డి 2019లో తెలుగుదేశం వదిలి వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచారు, 2024లో తిరిగి తెలుగుదేశానికి వచ్చి మళ్లీ గెలిచారు. ఆయన జాతకం బాగుందని చెప్పిన సిద్ధాంతి రెండుసార్లూ నెగ్గినట్టే. పార్టీ జాతకం చెప్పినవాడు ఒకసారైనా ఓడక తప్పదు.

ఎన్నికల సంఘం ఈ వ్యవహారంలో తలదూర్చింది 2017లో. ఎగ్జిట్ పోల్స్‌ను నిషేధించే 126ఏ సెక్షను అప్పటికే ఉంది. ఆ ఏడాది అయిదు రాష్ట్రాల ఎన్నికల్లో, నిషేధం ఉన్న రోజుల్లోనే కొన్ని ఛానళ్లు జ్యోతిష్కులను, టారో కార్డులు చూసేవాళ్లను కూర్చోబెట్టి ఫలితాలు చెప్పించాయి. అలా చెప్పడం ఆ సెక్షను స్ఫూర్తికి విరుద్ధమని మార్చి 30న సంఘం మీడియాకు రాసింది. 2024లో ఆ నిషేధం ఏప్రిల్ 19 ఉదయం నుంచి జూన్ 1 సాయంత్రం ఆరున్నర దాకా ఉంది. మన ఓట్లు మే 13నే పడిపోయాయి. నిషేధం తీరేదాకా దాదాపు మూడు వారాలు టీవీలు ఎంతో కొంత నోరు కట్టుకున్నా, యూట్యూబులో నాయకుల జాతక చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. పందెం కాసినవాళ్లు, కాయబోయేవాళ్లు వాటిని ఒకరికొకరు పంపుకుంటూనే ఉన్నారు. తమ పార్టీ గెలుస్తుందని చెప్పిన వీడియోలనే.