డిశ్చార్జి తర్వాత ఎవరి బాధ్యత? ప్రభుత్వ వైద్యంలో పునరావాస సేవలు వెనకబడిన కథ

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో ఆరో అంశం ప్రజారోగ్యం, ఆసుపత్రులు. తొమ్మిదో అంశం వికలాంగులకు, పనిచేయలేని స్థితిలో ఉన్నవారికి సాయం. రెండూ రాష్ట్రాల పనే అయినా రెండు శాఖల చేతికి వెళ్లాయి. పక్షవాతం వచ్చిన మనిషి ఆసుపత్రిలో ఉన్న పది పదిహేను రోజులు వైద్య ఆరోగ్య శాఖ మనిషి. మంచం మీద ఇంటికి చేరాక మిగిలిన జీవితమంతా సంక్షేమ శాఖ లెక్కలోకి వెళ్తాడు. ఆ శాఖ దగ్గర పింఛను ఉంది, వీల్‌చైర్ ఉంది, సర్టిఫికెట్ ఉంది. చెయ్యి మళ్లీ కదిలించడం నేర్పేవాళ్లు, మూత్రం గొట్టం మార్చేవాళ్లు మాత్రం లేరు. జబ్బు, ప్రమాదం తర్వాత మనిషి మళ్లీ తన పనులు చేసుకునేలా నిలబెట్టే ఈ పునరావాస సేవలు ప్రభుత్వ వైద్యంలో ఇంత పలచగా ఉండటానికి డబ్బు కొరత కంటే ఈ విభజనే పెద్ద కారణం.

మొదట్లో ఇలా లేదు. మన దేశంలో ఈ వైద్యం ఆసుపత్రిలోనే, అదీ కుష్టు రోగుల మధ్య పుట్టింది. 1940ల చివర్లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్టు వల్ల వంకరపోయిన వేళ్లకు స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మార్చి ఆపరేషన్లు చేయడం మొదలుపెట్టారు. వేళ్లు అరిగిపోయేది కుష్టు క్రిమి మాంసాన్ని తినేయడం వల్ల కాదని, స్పర్శ పోయిన చేతికి కాలుతున్నా కోసుకుపోతున్నా తెలియకపోవడం వల్లనని ఆయన చూపించారు. దాంతో వైద్యం దిశే మారింది. మందు క్రిమిని చంపుతుంది కానీ పోయిన స్పర్శను తిరిగి తేదు. కాబట్టి మందుల కోర్సు పూర్తయ్యాక కూడా పాదాన్ని జీవితాంతం కాపాడుకోవాలి. రోజూ ఇరవై నిమిషాలు నీళ్లలో నానబెట్టి, గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో రుద్ది, తడి ఆరకముందే నూనె రాసి, పగుళ్లూ బొబ్బలూ ఉన్నాయేమో కళ్లతో చూసుకోవాలి. చెప్పు లోపల మెత్తని ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్) రబ్బరు, కింద గట్టి అట్ట ఉండాలి, మేకు ఒక్కటీ ఉండకూడదు. స్పర్శ లేని కాలికి గుచ్చుకున్న మేకు సంగతి పుండు పడ్డాకే తెలుస్తుంది. తెలుగు నేల మీద డిచ్‌పల్లి కుష్టు ఆసుపత్రి, 1958లో రాణి కుముదినీ దేవి హైదరాబాద్ కూకట్‌పల్లిలో స్థాపించిన శివానంద రిహాబిలిటేషన్ హోమ్ ఇలాంటి రోగులకు ఆశ్రయంగా నిలిచాయి.

1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడుము కింద చచ్చుబడిన వేలూరు డాక్టర్ మేరీ వర్గీస్ కథ కూడా ఇక్కడే కలుస్తుంది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్టు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తర్వాత న్యూయార్క్‌లో హోవర్డ్ రస్క్ సంస్థలో శిక్షణ పొంది వచ్చి, 1960ల్లో వేలూరులో ఫిజికల్ మెడిసిన్ (పునరావాస వైద్యం) విభాగాన్ని నిలబెట్టారు. అక్కడి రిహాబిలిటేషన్ ఇన్‌స్టిట్యూట్ 1966లో మొదలైంది.

వెన్నుపాము దెబ్బకు చేసే వైద్యాన్ని మార్చింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం. 1944 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గట్‌మన్ ఒక ప్రత్యేక వార్డు తెరిచారు. అంతకుముందు ఇలాంటి రోగులు ఎక్కువగా చనిపోయింది వెన్నుపాము దెబ్బతో కాదు, దాని తర్వాత వచ్చే పడక పుండ్లతో, మూత్రపు ఇన్ఫెక్షన్లతో. గట్‌మన్ విరుగుడులో ఖరీదైన యంత్రమేదీ లేదు. రాత్రీ పగలూ రెండేసి గంటలకోసారి రోగిని పక్కకు తిప్పడం, మూత్రాశయాన్ని శుభ్రంగా ఖాళీ చేయించడం, త్వరగా కూర్చోబెట్టి పని నేర్పడం, అంతే. ఎనభై ఏళ్లు గడిచినా మన జిల్లాల్లో ఈ రోగుల్ని బాధపెడుతున్నవి ఆ రెండు సమస్యలే. ఎక్కడ తప్పుతోందో కాస్త వివరంగా చూడాలి.

పుండు ముందు చర్మం మీద ఎరుపుగా కనిపిస్తుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడకుండా ఎరుపు అలాగే ఉంటే లోపల కణజాలం దెబ్బతినడం మొదలైందని అర్థం. నల్లని చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు కాబట్టి వేడి, గట్టిదనం కూడా తాకి చూడాలి. త్రికాస్థి (నడుము కింద వెన్ను చివరి ఎముక), పిరుదుల ఎముకలు, తుంటి పక్కలు, మడమలు రోజూ చూడాల్సిన చోట్లు. మధ్యలో ఖాళీ ఉండే గాలి రింగు మీద కూర్చోబెట్టడం చాలా ఇళ్లలో కనిపించే పొరపాటు. ఆ రింగు అంచు చుట్టూ రక్తప్రసారాన్ని నొక్కేసి పుండును పెంచుతుంది. కుర్చీలో కూర్చున్నవారు పావుగంటకో అరగంటకో చేతుల మీద బరువు వేసి పిరుదులు పైకి లేపాలి. చేతులకు ఆ బలం లేకపోతే ముందుకో పక్కకో వంగినా బరువు తగ్గుతుంది.

మూత్రం విషయంలో 1972లో అమెరికా యూరాలజిస్టు లాపిడెస్ ఒక సులువైన పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. సబ్బుతో చేతులు కడుక్కుని, నాలుగైదు గంటలకోసారి సన్నని గొట్టంతో మూత్రం తీసి, గొట్టాన్ని బయటికి తీసేయడం. ఒక్కసారికి 400 నుంచి 500 మిల్లీలీటర్లు మించకుండా చూసుకోవాలి. మించుతుంటే నీళ్లు తాగే వేళలు, గొట్టం వేసే వేళలు సరిచేసుకోవాలి. నర్సు ఓపిగ్గా కూర్చుని రోగికో ఇంట్లోవాళ్లకో కొన్ని రోజులు నేర్పితే చాలు. మన వార్డుల్లో ఆ సమయం ఎవరికీ ఉండదు. అందుకే ఎక్కువమంది లోపలే ఉండిపోయే గొట్టంతో, ఫలానా తేదీకి మార్పించుకోమన్న మాటతో ఇంటికి వెళ్తారు. మార్చేవాళ్లు ఊళ్లో దొరకరు. గొట్టం మూసుకుపోతుంది, జ్వరం వస్తుంది, రాళ్లు కడతాయి. ఛాతీ మధ్య భాగం కంటే పైన దెబ్బ తగిలిన రోగికైతే మూసుకుపోయిన గొట్టం వల్ల రక్తపోటు ఒక్కసారిగా ప్రాణం తీసేంతగా పెరగవచ్చు. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం మీద చెమటలు దానికి గుర్తులు. అప్పుడు రోగిని కూర్చోబెట్టి, గొట్టం మెలిపడిందా, మూసుకుందా చూడటం మొదటి పని. ఈ ఒక్క సంగతి తెలిసిన మనిషి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి.

స్వాతంత్ర్యం తర్వాత కేంద్రం సంస్థలు కట్టింది. 1955లో ముంబయిలో అఖిల భారత ఫిజికల్ మెడిసిన్ సంస్థ వచ్చింది. 1968లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ బృందం కలిసి చేసిన కృత్రిమ పాదంతో మనవాళ్లు గొంతుక్కూర్చోగలిగారు, చెప్పులు లేకుండా పొలం గట్ల మీద నడవగలిగారు. 1972లో కాన్పూర్‌లో వికలాంగులకు ఉపకరణాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఆలిమ్కో ఏర్పడింది. 1981లో ఉపకరణాలకు సాయమిచ్చే అడిప్ పథకం, 1984లో సికింద్రాబాద్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వచ్చాయి. అయితే 1985లో కేంద్రంలో సంక్షేమ మంత్రిత్వ శాఖ విడిగా ఏర్పడి, ఈ పనిలో చాలా భాగం దాని కిందికే వెళ్లింది. అప్పటి నుంచి పునరావాసం అంటే శిబిరం, శిబిరం అంటే వస్తువుల పంపిణీ అనే అలవాటు స్థిరపడింది. వీల్‌చైర్ ఇవ్వడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఎనిమిది మెట్లు చెప్పింది. కొలతలు తీయడం, సరిచేయడం, వాడకం నేర్పడం, మరమ్మతు అందులో ఉన్నాయి. శిబిరంలో జరిగేది చాలాసార్లు వస్తువు చేతికివ్వడం ఒక్కటే. సీటు వెడల్పు ఎక్కువైతే మనిషి ఒక పక్కకు ఒరిగి వెన్ను వంకరపోతుంది. పాదాల పలక ఎత్తు కుదరకపోతే బరువంతా పిరుదుల ఎముకల మీద పడి పుండు లేస్తుంది.

1978 ఆల్మా అటా ప్రకటన ప్రాథమిక ఆరోగ్య సంరక్షణలో నివారణ, చికిత్సలతో పాటు పునరావాసాన్నీ చేర్చింది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మాత్రం టీకాలు, కాన్పులు, జ్వరాలే నిలిచాయి. 1992 రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం, 1995 వికలాంగుల చట్టం, గుర్తించిన వైకల్యాల్ని ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచిన 2016 చట్టం హక్కుల్ని విస్తరించాయి. వాటి విలువ తక్కువేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సదరం వ్యవస్థ వైకల్యం శాతాన్ని డాక్టర్ల చేత కంప్యూటర్లో నమోదు చేయించింది. ఆ శాతం పింఛనుకు పనికొచ్చింది. అదే రోజు అదే డాక్టరు చేతిలో ఉన్న రోగికి చికిత్స ప్రణాళిక కూడా రాసే పద్ధతి మాత్రం రాలేదు. ఒక శాఖ కొలిచి పంపేస్తుంది, ఇంకో శాఖ చెల్లిస్తుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో పేదల ప్రాణాలు నిలిపింది. కానీ అది ప్రధానంగా ఆపరేషన్లు, ఆసుపత్రి చికిత్సల ప్యాకేజీల మీద నడిచే పథకం. నెలల తరబడి వారానికి మూడుసార్లు చేయించాల్సిన ఫిజియోథెరపీ ఆ చట్రంలో ఇమడదు.

వైద్య శాఖే ఈ పని నెత్తికెత్తుకుంటే ఎలా ఉంటుందో చూపే ఉదాహరణ మళ్లీ కుష్టు నుంచే వచ్చింది. 2005 చివరికి దేశ స్థాయిలో కుష్టు నిర్మూలన లక్ష్యం (పది వేల మందికి ఒకరి కంటే తక్కువ రోగులు) చేరామని ప్రకటించాక, వైకల్యంతో మిగిలిపోయినవారి సంగతేమిటన్న ప్రశ్న లేచింది. దానికి జవాబుగా 2007లో వైకల్య నివారణ మార్గదర్శకాలు వచ్చాయి. స్వీయ సంరక్షణ నేర్పడం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పనయ్యింది. ఎంసీఆర్ చెప్పులు సరఫరా జాబితాలోకి వచ్చాయి, ఆపరేషన్ చేయించుకున్న రోగికి పోయిన కూలికి బదులుగా నగదు సాయం పెట్టారు. లోపాలున్నాయి, చెప్పులు ఆలస్యమయ్యే చోట్లున్నాయి. అయినా రోగి ఎవరి దగ్గరికి వెళ్లాలో అందులో స్పష్టత ఉంది. పక్షవాతానికి, వెన్నుపాము దెబ్బకు అలాంటి జాబితా ఇప్పటికీ లేదు.

కుటుంబానికి నేర్పిస్తే సరిపోదా అని అధికారులు అడుగుతుంటారు. దీన్ని మన దేశంలోనే పరీక్షించారు. 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులతో జరిగిన అటెండ్ అధ్యయనం ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. ఇంట్లోవాళ్లకు శిక్షణ ఇచ్చి వ్యాయామాలు చేయించినా, ఆరు నెలలకు మరణించిన లేదా పరాధీనంగా మిగిలినవారి శాతం, ఆ శిక్షణ ఉన్న గుంపులోనూ లేని గుంపులోనూ 47. కుటుంబాలు శ్రద్ధ పెట్టలేదని దీనికి అర్థం చెప్పకూడదు. శిక్షణ పొందిన థెరపిస్టు చేసే పనిని జీతం లేకుండా ఇంటి ఆడవాళ్ల మీద మోపి బయటపడలేమని అర్థం. ఇంట్లోవాళ్లు చేయగలిగినవి, తప్పక నేర్పాల్సినవి వేరే ఉన్నాయి. చచ్చుబడిన చేతిని పట్టి లాగి లేపితే భుజం కీలు జారుతుంది. మింగడం పరీక్షించకుండా, పడుకోబెట్టి గంజి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. మడమను ఎత్తులో ఉంచి, పాదాన్ని నిటారుగా ఆనించకపోతే చీలమండ బిగుసుకుపోయి, తర్వాత కాలికి బలం వచ్చినా నడక రాదు.

దీర్ఘకాల సంరక్షణకు జర్మనీ 1995లో, జపాన్ 2000లో ప్రత్యేక బీమా తెచ్చాయి. మన 2007 చట్టం వృద్ధుల పోషణను పిల్లల బాధ్యతగా చెప్పింది కానీ మంచాన పడ్డ తల్లిని తిప్పడానికి ఇంటికి మనిషిని పంపలేదు. 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికో క్లినిక్, ఇంటి సందర్శనలు రాసిపెట్టింది. ఆ రాతను అమలుచేసి చూపింది కేరళ. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో మొదలైన పాలియేటివ్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే) క్లినిక్ 2008 నాటికి రాష్ట్ర విధానమైంది. పంచాయతీ నిధులతో పెట్టుకున్న నర్సు ఇంటింటికీ వెళ్లి క్యాన్సర్ రోగులతో పాటు పక్షవాత రోగుల పుండ్లు కడుగుతుంది, గొట్టాలు మారుస్తుంది. తెలంగాణలో జిల్లా పాలియేటివ్ కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే ఆలన వాహనాలు ఆ బాటలోవే. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో వచ్చిన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో 104 వాహనంతో ఊరికొచ్చిన డాక్టరు మంచాన ఉన్నవారి ఇళ్లకూ వెళ్లాలి. ఆ బృందంలో ఫిజియోథెరపిస్టుకు చోటు లేదు. 2024 జులై నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి అక్కడ నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఆ డబ్బు ఇంటికి పెద్ద ఊరటే, కానీ దానితో కొనుక్కోవడానికి మండలంలో సేవ దొరకాలి కదా.

2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ పునరావాసాన్ని ఆరోగ్య వ్యవస్థలో భాగం చేయాలని తీర్మానించింది. రాష్ట్రాలు దాన్ని ఆచరణలో పెట్టాలంటే మొదలుపెట్టాల్సిన చోటు డిశ్చార్జి కాగితం. రోగి పేరు, మార్చాల్సిన గొట్టం సైజు, తేదీ, నేర్పిన వ్యాయామాలు, తిరిగి చూపించుకోవాల్సిన ఆరోగ్య కేంద్రం అందులో ఉండాలి. దాని నకలు అదే రోజు ఆ ఊరి ఏఎన్ఎంకు చేరాలి. క్యాథెటర్లు (మూత్రం గొట్టాలు), డ్రెస్సింగులు, ఒత్తిడి తగ్గించే పరుపులు మందుల కొనుగోలు సంస్థల తప్పనిసరి జాబితాలోకి రావాలి. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రానికి ఒక ఫిజియోథెరపిస్టు పోస్టు, వారానికి రెండు రోజులు ఇంటి సందర్శనలకు వాహనం మంజూరు కావాలి. ఈ ఖర్చంతా వైద్య ఆరోగ్య శాఖ పద్దులోనే చూపించాలి.