క్రిములకు ఏ సబ్బు మంచిది?

పది రూపాయల మామూలు సబ్బుకీ, క్రిములను చంపుతుందని రేపర్ మీద రాసిన సబ్బుకీ పిల్లల ఆరోగ్యం విషయంలో తేడా ఉందా? ఈ ప్రశ్నను కరాచీలోని పేదల బస్తీల్లో నేరుగా పరీక్షించారు. కొన్ని ఇళ్లకు మామూలు సబ్బు, కొన్నిటికి ట్రైక్లోకార్బన్ అనే మందు కలిపిన సబ్బు ఇచ్చి, చేతులు ఎప్పుడు ఎలా కడుక్కోవాలో ఇంటింటికీ వెళ్లి పదేపదే చెప్పారు. ఫలితాలు 2005లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. సబ్బు ఇవ్వని ఇళ్లతో పోలిస్తే ఐదేళ్లలోపు పిల్లల్లో న్యుమోనియా సగానికి తగ్గింది. పదిహేనేళ్లలోపు వాళ్లలో విరేచనాలూ దాదాపు అంతే తగ్గాయి. మామూలు సబ్బుకీ మందు సబ్బుకీ మాత్రం తేడా కనిపించలేదు. పసిపిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ సంగతి తెలియాలని నా కోరిక.

కారణం సబ్బు పనిచేసే తీరులోనే ఉంది. సబ్బు అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటే, రెండో కొస జిడ్డును పట్టుకుంటుంది. చేతికి అంటిన క్రిములు చాలావరకు ఆ జిడ్డులో, మురికిలో ఉంటాయి. బాగా రుద్దితే జిడ్డు వదిలి, దాంతోపాటే అవీ నీళ్లలో కొట్టుకుపోతాయి. ఫ్లూ, కరోనా వైరస్‌ల పైపొర కొవ్వుతో అయినది కాబట్టి సబ్బు దాన్ని చీల్చేస్తుంది కూడా. విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు ఆ పొర లేదు. అది చావకపోయినా చెయ్యి వదిలిపోతుంది, మనకు కావలసిందీ అదే.

2016 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బన్ సహా 19 రసాయనాలను ఇళ్లలో వాడే సబ్బుల్లో, హ్యాండ్‌వాష్‌లలో కలపకూడదంది. మామూలు సబ్బు కంటే ఇవి మెరుగని గానీ, ఏళ్ల తరబడి రోజూ వాడినా హాని లేదని గానీ కంపెనీలు చూపలేకపోయాయి. ఆసుపత్రుల్లో వాడేవాటి సంగతి వేరు.

రేపర్ మీద కనిపించే టీఎఫ్ఎం అంకె సబ్బులో కొవ్వు పదార్థం ఎంతుందో చెబుతుంది. మన ప్రమాణాల ప్రకారం మొదటి గ్రేడు టాయిలెట్ సోప్‌లో అది కనీసం 76 శాతం ఉండాలి. నాణ్యత చూసుకోవడానికి పనికొస్తుంది గానీ, క్రిములను చంపే శక్తికి అది కొలత కాదు. బోరు నీళ్లు బాగా ఉప్పగా, గట్టిగా ఉండే ఊళ్లలో సబ్బుబిళ్ల నురగ రాక తెట్టు కడుతుంది. అక్కడ లిక్విడ్ హ్యాండ్‌వాష్ నయం.

ఇంటిల్లిపాదీ ఒకే సబ్బు వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వాడొచ్చు. 1988లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కావాలని బ్యాక్టీరియా పూసిన సబ్బులతో చేతులు కడిగించి చూస్తే, అది చేతులకు అంటలేదు. కాకపోతే సబ్బును నీళ్లలో నాననివ్వకుండా చిల్లుల పెట్టెలో ఉంచాలి.

ఖరీదైన సబ్బుకు పెట్టే డబ్బుతో మామూలువి రెండు కొని, ఒకటి మరుగుదొడ్డి దగ్గర, ఒకటి వంటింటి కుళాయి దగ్గర పెట్టండి. ఇరవై సెకన్లు వేళ్ల సందులు, గోళ్ల కింద రుద్ది, కడిగాక పొడి తువ్వాలుతో తుడుచుకోవాలి. తడి చేతులకు క్రిములు తేలిగ్గా అంటుకుంటాయి.