పొద్దున పెంకు, మధ్యాహ్నం జావ

ఏప్రిల్‌లో ఫిన్సే స్టేషన్‌లో దిగేవాళ్ల భుజాన స్కీలు (మంచు మీద జారడానికి కాళ్లకు కట్టుకునే పొడవాటి పలకలు) ఉంటాయి, బ్యాగులో నారింజ పండ్లు ఉంటాయి. నార్వేలో ఓస్లో నుంచి బెర్గెన్ వెళ్లే రైలు దారిలో అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్ ఇది, 1,222 మీటర్లు. మామూలుగా కారులో వచ్చే రోడ్డు లేదు. ఎదురుగా హార్దంగర్‌యోకులెన్ హిమానీనదం. చెట్లు లేవు కాబట్టి దారి తప్పకుండా మంచులో కర్రలు గుచ్చి ఉంటాయి, వాటి వెంబడే వెళ్లాలి.

ఈసారి నాతో మా బావమరిది వచ్చాడు. రైలు దిగి ఒక్క అడుగు వేశాడో లేదో కాలు జర్రున జారింది. పైన ఉన్నది మెత్తటి మంచు కాదు, గట్టి పెంకు. స్థానికులు దీన్ని స్కారె అంటారు. మనకేమో పొగమంచూ మంచే, గడ్డి మీద తడీ మంచే, ఇదీ మంచే!

"రాత్రి ఇక్కడ ప్లస్ రెండు కన్నా దిగలేదని ఫోన్ చెబుతోంది కదా బావా, మరి ఇదెలా గడ్డకట్టింది?" అన్నాడు. మంచి ప్రశ్నే.

మంచు కంటికి తెల్లగా కనిపిస్తుంది కానీ పరారుణ (కంటికి కనపడని వేడి) కిరణాల లెక్కలో దాదాపు నల్లటి వస్తువు. అంటే వేడిని బాగా విడుదల చేస్తుంది. ఆకాశం తేటగా ఉంటే ఆ వేడి చాలావరకు పైకి పోతుంది, తిరిగి వచ్చేది తక్కువ. దాంతో పైన గాలి ప్లస్‌లో ఉన్నా మంచు పైపొర సున్నా కిందకి పడిపోతుంది. మబ్బు పడితే ఆ మబ్బే దుప్పటిలా వేడిని వెనక్కి పంపుతుంది, పెంకు కట్టదు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో అలహాబాదు వైపు ఇదే పద్ధతిలో ఐసు చేసేవారు. గుంటల్లో గడ్డి పరిచి, మట్టి మూకుళ్లలో పల్చగా నీళ్లు పోసి, తేట రాత్రి ఆరుబయట వదిలేస్తే తెల్లారేసరికి ఐసు. రాబర్ట్ బార్కర్ అనే ఆంగ్లేయ సైనికాధికారి రాసిన ఈ వివరం 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఇక స్కీల సంగతి. మేము వాడే, చదును దారుల్లో సాగే రకం స్కీ నడుమ విల్లులా పైకి వంగి ఉంటుంది. రెండు కాళ్ల మీద జారేటప్పుడు ఆ నడుము నేలకి గట్టిగా ఆనదు. ఒక కాలితో తన్నినప్పుడు ఆనుతుంది, అక్కడ పూసిన మైనం మంచుని పట్టుకుంటుంది. కొత్త మంచుకి సూది మొనలుంటాయి, గట్టి మైనంలోకైనా దిగుతాయి. వసంతంలో పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, మళ్లీ కరిగిన మంచు సగ్గుబియ్యంలా గుండ్రంగా తయారవుతుంది. దానికి మొనలేవీ? అందుకే క్లిస్టర్ అనే జిగట మైనం వాడాలి. ట్యూబులోంచి పిండితే అచ్చం బెల్లం పాకం, అదే రంగు, అదే జిగురు. వేలికి అంటిందా, అక్కడి నుంచి చేతి తొడుగుకి, జిప్పుకి, చివరికి నారింజ తొక్కకి కూడా పాకుతుంది. మా వాడి టోపీకి ఎలా అంటిందో ఇప్పటికీ తేలలేదు.

పది దాటాక పైపొర ఒక సెంటీమీటరు మేర మెత్తబడింది, కింద పెంకు గట్టిగానే ఉంది. ఇంతదూరం వచ్చింది ఈ రెండు గంటల కోసమే. స్కీ ఎందుకు జారుతుందన్న దాని మీద బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు 1939లో ప్రయోగాలు ప్రచురించారు: రాపిడి వేడికి మంచు కొద్దిగా కరిగి, ఆ సన్నటి నీటి పొర మీద స్కీ సాగిపోతుందని. వసంతంలో ఎండే ఆ నీటిని సిద్ధం చేసి పెడుతుంది.

మధ్యాహ్నం మంచులో గుంట తవ్వుకుని గాలి తగలకుండా కూర్చున్నాం. నార్వేవాళ్లకి స్కీయింగ్ కన్నా ఇదే ఎక్కువ ఇష్టమేమో అని నా అనుమానం. కొత్త మంచు వెలుగులో 80 నుంచి 90 శాతం వెనక్కి కొడుతుంది, పాత తడిమంచు అంతకన్నా తక్కువ. అయినా ఎండ పైనుంచే కాదు, కిందనుంచీ కాస్తుంది. ముఖమంతా క్రీము రాసుకున్న నాకు ముక్కు రంధ్రాల అంచులు కాలాయి, సాయంత్రం దాకా తెలియనే లేదు. నల్ల కళ్లద్దాలు లేకపోతే కళ్లకీ అంతే. బాధ కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది, కంట్లో ఇసుక పడ్డట్టు.

ఒకటిన్నర అయ్యేసరికి మంచు జావ అయిపోయింది. సున్నా డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము మంచు కరగడానికి 334 జౌల్‌ల వేడి కావాలి. అంత వేడితో గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అందుకే పొద్దుటంతా మంచు మొండికేస్తుంది. కానీ తడిసి, రేణువులు పెద్దవైన కొద్దీ వెలుగుని ఎక్కువ మింగుతుంది, ఇంకా కరుగుతుంది. నీరు మరీ ఎక్కువైతే జారడం పోయి అతుక్కోవడం మొదలవుతుంది, తడి స్టీలు కంచాలు ఒకదాన్నొకటి వదలనట్టు. స్కీ అడుగున సన్నటి గీతలు గీసేది ఈ పట్టు విడిపించడానికే. ఏటవాలు కొండల మీదైతే ఇదే తడి వల్ల మంచు చరియలు విరిగిపడతాయి. మేము చదును దారి పట్టుకునే వెనక్కి తిరిగాం. ఐనా మోకాలి దాకా రెండుసార్లు దిగబడ్డాం.

రాత్రి బసలో మా వాడు "రేపు కూడా వెళ్దామా బావా?" అన్నాడు. కిటికీ తెర తీసి చూశాను. ఒక్క చుక్క లేదు, అంతా మబ్బు. ఫోన్‌లో అలారం తీసేశాను.