పిల్లలకు ప్రార్థన నేర్పడం: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో మా సండే స్కూల్లో ప్రైమరీ క్లాసు నాది. ఆరేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు. పదిహేనేళ్ళుగా వాళ్ళకు బైబిలు కథలు చెబుతున్నాను. కథ చెప్పడం అంత కష్టం కాదు. ఆ కథలోంచి ప్రార్థన నేర్పేటప్పుడే తల్లిదండ్రులు, టీచర్లు, ఒకప్పుడు నేనూ పొరబడ్డాం. ఎక్కువగా వినబడే మాటలు తీసుకుని రాస్తున్నాను.

అపోహ: కళ్ళు మూసుకుని, చేతులు జోడిస్తేనే అది ప్రార్థన.

పిల్లల చూపు అటూ ఇటూ పోకుండా ఇది మంచి అలవాటే, నేనూ చెబుతాను. కానీ కళ్ళు తెరిచిన పిల్లాణ్ని "నీ ప్రార్థన దేవుడు వినడు" అని గదమాయించకండి. కళ్ళు మూసుకోమని బైబిల్లో ఎక్కడా ఆజ్ఞ లేదు. లాజరు సమాధి దగ్గర యేసు కన్నులు పైకెత్తి ప్రార్థించాడు. హన్నా నిలబడి ప్రార్థించింది. హిజ్కియా రాజు జబ్బుపడి, పడక మీదే గోడవైపు తిరిగి ప్రార్థించాడు. లూకా 18లో సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడు, ఆకాశం వైపు కన్నులెత్తడానికి కూడా ధైర్యం చాలక రొమ్ము కొట్టుకున్నాడంటే, మామూలుగా జనం కళ్ళు పైకెత్తే ప్రార్థించేవారనేగా అర్థం.

ఇవన్నీ పిల్లలతో చేయించి చూపిస్తాను. హిజ్కియాలా గోడవైపు తిరిగి పడుకోవడం వాళ్ళకు భలే ఇష్టం. జ్వరం వచ్చి మంచం మీద ఉన్నా దేవుడితో మాట్లాడొచ్చని వేరే చెప్పాల్సిన పని ఉండదు.

అపోహ: పెద్దవాళ్ళ మాటలతో చేస్తేనే మంచి ప్రార్థన.

ఏడేళ్ళ పాప ఒకసారి లేచి గడగడా మొదలుపెట్టింది: "మహోన్నతుడవైన తండ్రీ, ఈ ఘడియ వరకు మమ్మల్ని సజీవుల లెక్కలో ఉంచినందుకు స్తోత్రములు..." అందరూ మెచ్చుకున్నారు. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని "సజీవుల లెక్క అంటే ఏంటమ్మా?" అని అడిగాను. ఆలోచించి, "లెక్కల పుస్తకంలోదా ఆంటీ?" అంది. సరే, ఈరోజు దేవుడికి నిజంగా ఏం చెప్పాలనుంది అని అడిగితే, "మా దూడ పాలు తాగట్లేదు" అంది. అదే చెప్పు తల్లీ అన్నాను. రెండు ముక్కల్లో చెప్పేసి, ఆమేన్ అంది.

నీళ్ళలో మునిగిపోతున్న పేతురు చేసిన ప్రార్థన "ప్రభువా, నన్ను రక్షించుము" అన్నదొక్కటే. నెహెమ్యా అయితే రాజు ప్రశ్నకూ తన జవాబుకూ మధ్యలోనే దేవునికి ప్రార్థన చేశాడు. అంతమాత్రాన కంఠతా పట్టిన ప్రార్థనలు వద్దని కాదు. శిష్యులు "మాకు ప్రార్థన నేర్పుము" అని అడిగినప్పుడు యేసు వాళ్ళ నోటికి మాటలే అందించాడు. ఆ మాటలే పరలోక ప్రార్థన. నిదానంగా చెప్పినా దానికి నిమిషం పట్టదు. అందులోంచి వారానికి ఒక్క వాక్యం తీసుకుంటాను. "మా అనుదినాహారము" వారం వచ్చినప్పుడు, "మా" అంటే ఎవరెవరు అని అడుగుతాను. ఇంట్లోవాళ్ళతో మొదలుపెట్టి, బడి దగ్గర ఐస్ అమ్మే తాత వరకూ వెళ్తారు.

అపోహ: నమ్మకంతో అడిగితే అడిగింది దొరికి తీరుతుంది.

ఇదే అన్నిటికంటే ఎక్కువ గాయపరిచేది. ఇక్కడ తప్పు నాది.

చాలా ఏళ్ళ క్రితం దానియేలు కథ ఎంతో ఉత్సాహంగా చెప్పాను. తెరిచిన కిటికీ దగ్గర మోకాళ్ళూని రోజుకు మూడుసార్లు ప్రార్థించాడు, అందుకే దేవుడు సింహాల నోళ్ళు మూయించాడు, మనమూ అలా చేస్తే మనకూ చేస్తాడు అని ముగించాను. ఆ నెలలోనే ఎనిమిదేళ్ళ బాబు వాళ్ళ తాతయ్య ఆసుపత్రిలో చనిపోయారు. తర్వాతి ఆదివారం వాడు క్లాసు అయ్యాక కూడా కదల్లేదు. "మూడుసార్లూ మోకాళ్ళ మీదే చేశాను ఆంటీ. కిటికీ కూడా తెరిచాను" అన్నాడు.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. వాడి పక్కన కూర్చున్నాను, అంతే. ఇంటికెళ్ళి దానియేలు 6వ అధ్యాయం మళ్ళీ చదివాను. అక్కడ "యథాప్రకారముగా" అనే మాట ఉంది. రాజుకు తప్ప ఎవరికీ ప్రార్థన చేయకూడదు, చేస్తే సింహాల గుహలో వేస్తారని శాసనం వచ్చిందని తెలిసినా దానియేలు ఎప్పుడూ చేసేదే చేశాడు. సింహాలను ఆపడానికి పట్టిన దీక్ష కాదది. నేను దాన్నొక మందుచీటీలా చేసి ఆ పిల్లాడి చేతికిచ్చాను.

ఇప్పుడు దానియేలు కథను ఒంటరిగా చెప్పను. దాని వెంటే 3వ అధ్యాయం చెబుతాను. దేవుడు రక్షించకపోయినా సరే, ప్రతిమకు మొక్కం అన్న ముగ్గురి కథ అది. యేసు పట్టుబడిన రాత్రి ప్రార్థించిన గెత్సేమనే తోట కథ చెబుతాను. అక్కడ సాక్షాత్తు యేసే గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగించమని అడిగాడు, అది తొలగలేదు. శరీరంలో ముల్లు అని తాను చెప్పుకున్న బాధను తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును". పిల్లలు భయపడతారేమో అని కొందరు టీచర్లకు సందేహం. నా అనుభవంలో పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. తమ ప్రార్థనలో ఏదో లోపం ఉందనే బరువు దిగిపోతుంది.

మా ఊళ్ళో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ మిషనరీ లైమన్ జువెట్ దంపతులు, మరికొందరు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. ఆ మిషనరీ, జాన్ క్లౌ, వచ్చి ఇక్కడ స్థిరపడింది 1866లో. ఆ జవాబుకు ఎన్నేళ్ళు పట్టిందో పిల్లలతో వేళ్ళ మీద లెక్కపెట్టిస్తాను. వేళ్ళు చాలక పక్కవాడి చేతివి రెండు కలుపుకుంటారు. అది వాళ్ళందరి వయసు కంటే ఎక్కువ.

అపోహ: దేవుడి దగ్గర కోపం, ఏడుపు చూపించకూడదు.

13వ కీర్తన "ఎన్నాళ్లవరకు" అనే మొదలవుతుంది. యోనా కోపంతోనే ప్రార్థించాడు. ప్రవక్త ఏలీయా ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు మందలించలేదు. దూత రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్ళీ పడుకున్నాడు. పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లలకు ఈ కథే చెబుతాను.

అపోహ: ప్రార్థన నేర్పడం సండే స్కూల్ పని.

వారంలో నా దగ్గర వాళ్ళుండేది ఒక గంట. మిగతాదంతా ఇంట్లోనే. అయితే ఇంట్లో క్లాసు పెట్టమనడం లేదు. బాలుడైన సమూయేలు రాత్రి మూడుసార్లు దేవుడి పిలుపు విని, పిలిచింది యాజకుడు ఏలీ అనుకుని ఆయన దగ్గరికే పరుగెత్తాడు. మూడోసారికి గానీ ఏలీకి విషయం అర్థం కాలేదు. అప్పుడైనా ఉపన్యాసం ఇవ్వలేదు. మళ్ళీ పిలిస్తే ఏం చెప్పాలో ఒక్క వాక్యం నేర్పి, వెళ్ళి పడుకోమన్నాడు. "నీ దాసుడు ఆలకించుచున్నాడు." ఆ వాక్యంలో అడగడమే లేదు, వినడమే ఉంది.

అందుకే ఈ కథ తర్వాత మేం ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా కూర్చుంటాం. ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. మొదటి వారం నవ్వుతారు. రెండో వారం కొందరే నవ్వుతారు. రాత్రి దీపం ఆర్పాక, మీ పిల్లల పక్కన మీరూ ఒక నిమిషం అలా కూర్చుని చూడండి.